పాత ఇంట్లో కచేరీలు పెడతారా? సౌండ్ బాక్సులు కొనకండి

మహబూబ్‌నగర్‌లోని తాతల నాటి మండువా ఇంటిని (నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ పంచలు ఉన్న ఇంటిని) అరవై మంది కూర్చునే సంగీత వేదికగా మారుస్తున్నామని, సౌండ్ సిస్టమ్‌కు ఎంత పెట్టాలని అడిగారు. ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

గద్వాల పాత వీధుల్లో అలాంటి ఇంట్లోనే నేను కిన్నెర విన్నాను. సొరకాయ బుర్రలు కట్టిన తీగ వాద్యం అది. నిర్వాహకులు మండువా నడుమ బల్లలతో వేదిక కట్టి, రెండు పక్కలా మనిషెత్తు బాక్సులు నిలబెట్టారు. కళాకారుడు తీగ మీటగానే చెవులు గింగురుమన్నాయి. రెండు పాటలయ్యాక ఆ పెద్దాయన మైకు పక్కకు జరిపి, వేదిక దిగి, పంచలో కొయ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. "దగ్గరికి రండి" అన్నారు. అందరం చాపలు ఈడ్చుకుంటూ చుట్టూ చేరాం. అప్పుడు వినిపించాయి సొరకాయ బుర్రలు! తీగ మీద వేలు తీశాక కూడా బుర్రలో తిరిగే నాదం, తీగ కింద స్వరాలకు అమర్చిన మెట్ల మీద వేళ్లు జారే సవ్వడి, కథలో వీరుడు కూలినప్పుడు గొంతులో వచ్చిన జీర. ఇవేవీ అంతవరకు మా చెవిన పడలేదు. నాదాన్ని పెంచే పని ఆ బుర్రలే చేస్తాయి, ఇక బాక్సులెందుకు? పైన టేకు దూలాలు, కింద చాపలు, చుట్టూ మనుషులు ఉన్న గది అనవసరంగా మార్మోగదు కూడా.

మరమ్మతుల పేరుతో డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పూసిన పాత గోడలకు సిమెంటు మాత్రం పూయించకండి. లోపలి చెమ్మను అది బయటికి పోనివ్వదు, గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. మా వైపు ఎన్ని మంచి ఇళ్లు ఇలా పాడయ్యాయో చూస్తే కడుపు మండుతుంది. పాత కట్టడానికి పని కల్పిస్తే నిలుస్తుంది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లోనే పాలిటెక్నిక్ పెట్టారు, అందుకే అది నిలిచింది.

ఇంకో మాట. పాట కంటే ముందు గంటసేపు సన్మానాలు, ఉపన్యాసాలు పెట్టే అలవాటు మీ గడప దాటి లోపలికి రానివ్వకండి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఆయన కూలిపనికి వెళ్లాల్సి వచ్చిందని 2024లో పత్రికలు రాశాయి. శాలువాలతో ఇల్లు గడవదు. బాక్సుల కోసం దాచిన డబ్బును కళాకారులకే ఇవ్వండి, అదీ కచేరీకి ముందే, బస్సు ఛార్జీలతో కలిపి.