నీ మొదటి ఉద్యోగ ప్రకటన రాసే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ కార్యాలయంలో ఖాళీగా ఉన్న రెండు ఉద్యోగాలకు ప్రకటన తయారుచేసే పని నీకు అప్పగించారనీ, పాత ప్రకటన తీసి తేదీలు మార్చి పంపేస్తే చాలని మీ అధికారి చెప్పారనీ రాశావు. ఆ పాత ప్రకటన మాట చదివాకే నీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. నియామకాల విభాగంలో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసిన నేను అలాంటి కాగితాలను ఎన్నిసార్లు తేదీ మార్చి పంపానో లెక్కలేదు. వాటిలోని ఒక్కో వాక్యం ఎవరెవరిని గుమ్మం బయటే నిలిపేసిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకసారి గిడ్డంగిలో సరుకు లెక్కలు చూసే ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి అని రాశాను. ఎందుకంటే అంతకుముందు ప్రకటనలో అలాగే ఉంది. అంతకు మించిన కారణం నా దగ్గర లేదు. ఆ పనిని అప్పటికి నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగిగా చక్కగా చేస్తున్న ఒకావిడకు పదో తరగతి చదువే ఉంది కనుక ఆమె దరఖాస్తు పెట్టలేదు. మేము ఎంపిక చేసిన పట్టభద్రుడికి పని నేర్పమని మళ్లీ ఆమెనే అడిగాం, ఆమె నేర్పింది. ఇంటర్వ్యూలో కాదన్న మనిషి ముఖమైనా మనకు గుర్తుంటుంది గానీ, ప్రకటన చదివి ‘ఇది మనకు కాదులే’ అని పక్కన పెట్టేసిన వాళ్లు మన లెక్కలోకే రారు. ఆవిడ మా కళ్లెదుట ఉండబట్టి నా తప్పు నాకు తెలిసింది.

ఇలాంటి షరతు మీదే అమెరికాలో ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్ కేంద్రంలో నల్లజాతి కార్మికులను తక్కువ జీతమొచ్చే కూలి పని విభాగానికే పరిమితం చేసేవారు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం 1965లో అమలులోకి వచ్చిన రోజు నుంచే ఆ కంపెనీ మిగతా విభాగాల్లో కొత్తగా చేరేవారికి హైస్కూలు పట్టాతో పాటు రెండు పరీక్షల్లో ఉత్తీర్ణత కూడా కావాలంది. అంతకుముందే పట్టా లేకుండా చేరిన తెల్లవారు అవే పనులను సక్రమంగా చేసుకుపోతున్నారు. గ్రిగ్స్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1971లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఏమిటంటే, షరతు పైకి అందరికీ సమానంగా కనిపించినా, పెట్టినవారి ఉద్దేశం మంచిదే అయినా, అది ఒక వర్గాన్ని గంపగుత్తగా బయటికి నెడుతున్నప్పుడు దానికీ ఆ పనికీ ఉన్న సంబంధాన్ని యజమానే చూపించాలి. కులం, మతం, రంగు, ఆడా మగా అన్న మాటలు ప్రకటనలో ఎక్కడా లేకుండానే వివక్ష సాగుతుందన్న సంగతి నీకు దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి పాత ప్రకటనను ముందు పెట్టుకుని, ప్రతి షరతు పక్కన అది ఏ పని కోసమో ఒక వాక్యం రాయి. ఆ వాక్యం రాయలేకపోతే షరతు కొట్టేయి. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒప్పందం జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, సామాజిక మూలం వంటివాటి ఆధారంగా ఉద్యోగంలో భేదం చూపడాన్ని వివక్ష అంటూనే, పని స్వభావమే కోరే అర్హతలను అందులోంచి మినహాయించింది. విమానం నడిపేవారికి చూపు పరీక్ష, శస్త్రచికిత్స చేసేవారికి వైద్య పట్టా అడగడాన్ని ఎవరూ తప్పుపట్టరు.

చిక్కల్లా, పనికి కావలసిన గుణం ఒకటైతే దానికి బదులు సులువుగా కొలవగలిగే మరొకటి అడగడంలో ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్ర జైళ్లలో కాపలా ఉద్యోగాలకు 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, 120 పౌన్ల బరువు ఉండాలన్నారు. ఆ కొలతలు 41 శాతానికి పైగా మహిళలను తప్పించాయి. పురుషుల్లో తప్పినవారు ఒక్క శాతం కూడా లేరు. పనికి బలం కావాలంటే బలాన్నే పరీక్షించవచ్చు కదా అని 1977లో అక్కడి సుప్రీంకోర్టు అడిగింది. (అదే తీర్పులో కోర్టు, అత్యంత ప్రమాదకరమైన ఖైదీలుండే జైళ్లలో కొన్ని పోస్టులను పురుషులకే ఉంచడాన్ని ఒప్పుకుంది; అది నాకు నేటికీ మింగుడుపడదు.) నీ ప్రకటనలో డ్రైవింగ్ లైసెన్సు ఉండాలని రాసి ఉంటే, కావలసింది బండి నడపడమా, నాలుగు చోట్లకు వెళ్లి రావడమా అని చూడు. రెండోదే అయితే బస్సులో వెళ్లి రాగల మనిషిని, బండి నడపలేని వైకల్యం ఉన్న మనిషిని ఆ ఒక్క మాటతో పోగొట్టుకుంటావు.

వయసు సంగతి కూడా ఇంతే. 35 ఏళ్ల లోపు అని రాయడం మానేసిన వాళ్లు ‘ఇటీవలే చదువు ముగించినవారు’, ‘చలాకీ యువ బృందం’ అని రాసి అదే పని చేస్తారు. పదేళ్ల అనుభవం కావాలనేముందు, పదేళ్లవారికి వచ్చి ఆరేళ్లవారికి రానిదేమిటో ఆ పని చేసేవాళ్లనే అడుగు. మన భాష ఒక వెసులుబాటు ఇచ్చింది, వాడుకో: ‘సహాయకుడు కావలెను’ అంటే మగవాడినే పిలిచినట్టు, ‘సహాయకులు’, ‘అభ్యర్థులు’ అంటే అందరినీ పిలిచినట్టు.

ప్రకటన సరిచేశాక అది ఎవరికి కనిపిస్తుందో కూడా చూడాలి. ఉద్యోగ ప్రకటనలను ఫలానా వయసు వాళ్లకు, మగవాళ్లకు మాత్రమే చూపించే వీలును ఫేస్‌బుక్ 2019లో అమెరికాలో ఒక రాజీ కింద తొలగించాల్సి వచ్చింది. దరఖాస్తులను కంప్యూటరు వడపోస్తుందిలే అని నిశ్చింతగా ఉండకు. పదేళ్లపాటు ఎక్కువగా మగవాళ్లే పంపిన దరఖాస్తులను చూసి నేర్చుకున్న అమెజాన్ వారి ప్రయోగాత్మక కంప్యూటరు ప్రోగ్రాము మహిళల సంఘాల ప్రస్తావన ఉన్న దరఖాస్తులకు మార్కులు తగ్గించిందనీ, దాన్ని పక్కన పెట్టేశారనీ 2018లో బయటపడింది. మనుషులు వడపోసినా పెద్ద తేడా లేదు. బోస్టన్, షికాగో నగరాల్లో సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి చేసిన ఒక అధ్యయనం 2004లో అచ్చయింది. తెల్లవారివిగా వినిపించే పేర్లతో పది పంపితే ఒక పిలుపు వచ్చేది. నల్లవారివిగా వినిపించే పేర్లతో అయితే పదిహేను పంపాల్సి వచ్చింది. అందుకని మొదటి వడపోత అయ్యేదాకా పేరు, ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా నీకు కనిపించకుండా మరొకరితో కప్పించు. ఫొటో అసలు అడగకపోతే ఇంకా మంచిది.

ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లలు, అత్తగారిల్లు అన్న ప్రసక్తే తేవద్దు. నెలలో పది రోజులు ప్రయాణం ఉంటే ఆ మాటే చెప్పి, కుదురుతుందా అని ఆడా మగా అందరినీ ఒకే తీరున అడుగు. ప్రశ్నలు, మార్కులు ముందే కాగితం మీద పెట్టుకుంటే ‘మనలో కలిసిపోయే మనిషి’ అనే వంకకు చోటు తగ్గుతుంది. ఆ వంకతో ఎందరు మంచివాళ్లను వదులుకున్నామో నాకు తెలుసు.

మీ అధికారి ఒప్పుకోకపోవచ్చు. ఆయనతో న్యాయాన్యాయాల చర్చకు దిగకు. మొదట్లో నేనలా దిగి రెండుసార్లు ఓడిపోయాను. ఈ షరతు తీసేస్తే పనిలో ఏది చెడుతుందో చెప్పమని వినయంగా అడుగు. ఆయన చెప్పిన కారణం నిజమైనదైతే షరతును ఉంచు, ఆ కారణాన్నీ ప్రకటనలో రాయి. చెప్పలేకపోతే ఆయనే కొట్టేస్తారు.

జీతం వరుస ఖాళీగా వదలకు, పాత జీతమెంతని ఎవరినీ అడగకు. ఒకచోట తక్కువిచ్చిన అన్యాయం ఆ అంకెతో పాటే మరోచోటికి వస్తుందనే, ఐరోపా సమాఖ్య 2023 నాటి వేతన పారదర్శకత ఆదేశంలో ఆ ప్రశ్నను నిషేధించింది. పాత ప్రకటననూ, నీ చిత్తుప్రతినీ కలిపి నాకు పంపు; నువ్వు కొట్టేసిన వాటికంటే ఉంచిన వాటినే ముందు చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య