ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం పోయినట్టేనా?

ప్రశ్న: మాది కొండపి. పొగాకు రైతుని. మా అమ్మాయి ఒంగోలులో బీటెక్ చేసి, ఎనిమిది నెలల కిందట చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. మొదటి ప్రాజెక్టు నాలుగు నెలలకే అయిపోయింది. రెండో దాంట్లో సీనియర్లు ఏమీ నేర్పరట, పాత రికార్డింగులు చూసుకోమంటారట. ఇదీ అయిపోతే బెంచ్ మీద వేస్తారని రోజూ టెన్షన్ పడుతోంది. మాన్పించి గ్రూప్స్‌కి కోచింగ్ ఇప్పించమంటారా?

జవాబు: ఇప్పుడే మాన్పించకండి.

అక్కడ పని ప్రాజెక్టుల లెక్కన నడుస్తుంది. క్లయింటు పని ఒప్పుకున్నాక టీమును కూరుస్తారు, పని అప్పగించాక టీము విడిపోతుంది. అందులో మీ అమ్మాయి తప్పేమీ లేదు. రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీనే బెంచ్ అంటారు. మామూలుగా అప్పుడు కూడా జీతం వస్తుంది గానీ, ఆమె పని మీద కంపెనీకి రాబడి ఉండదు. రెండు మూడు వారాలైతే కంగారు అక్కర్లేదు. నెలల తరబడి సాగితే మాత్రం ఆలోచించాల్సిందే.

నాకు ముఖ్యంగా తోచింది సీనియర్లు నేర్పడం లేదన్న మాట. మీ బ్యారన్‌నే తీసుకోండి. ఆకు పసుపు రంగు తిరిగేదాకా వేడి తక్కువగా ఉంచుతారు, తర్వాత మెల్లగా పెంచుతూ ఈనె ఆరేదాకా కాస్తారు. ఎప్పుడు ఎంత పెంచాలో తెలిసిన మనిషి ఒక్కడే ఉండి, ఆ రాత్రి అతనికి జ్వరం వస్తే? ఆకు రంగు చెడుతుంది, టంగుటూరు వేలంలో ధర పడిపోతుంది. కంపెనీలకూ అదే భయం. మనిషి మారినా పని ఆగకూడదని చేసే అప్పగింతనే కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కోడులో ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో గిట్‌లో, అంటే కోడు మార్పుల లెక్క దాచే సాఫ్ట్‌వేర్‌లో, దొరుకుతుంది. ఎందుకు మార్చారో ఎవరైనా రాసి పెడితేనే దొరుకుతుంది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1995లో మొదటి వికీని, అంటే చదివేవాళ్లే రాసి దిద్దుకోగల వెబ్‌సైటును, తెచ్చింది కూడా ప్రోగ్రామర్లు తమకు తెలిసింది ఒకచోట రాసుకోవడానికే. వికీపీడియా ఆ తర్వాత 2001లో వచ్చింది.

అయితే గడువు దగ్గర పడితే ముందు వాయిదా పడేది ఈ రాతపనే. సీనియర్లకు చెప్పే మనసు లేక కాదు, చాలాసార్లు తీరిక ఉండదు. అందుకని అమ్మాయిని ఇలా చెయ్యమనండి. రికార్డింగ్ చూశాక తనకు అర్థమైనంత సొంత మాటల్లో ఒక పేజీ రాసి, "తప్పులుంటే చెప్పండి" అని సీనియర్‌కి పంపాలి. "ఏమీ అర్థం కాలేదండీ" అంటే ఆయన గంట కూర్చోవాలి. పేజీ దిద్దడానికి పది నిమిషాలు చాలు. దిద్దిన పేజీ టీము వికీలో పెడితే, రేపు కొత్తగా చేరినవాళ్లు వచ్చి ఈమెనే అడుగుతారు. కోడ్ రివ్యూలో, అంటే ఆమె రాసిన కోడును తోటివాళ్లు పరిశీలించేటప్పుడు, తప్పులు చూపిస్తే చిన్నబుచ్చుకోవద్దని కూడా చెప్పండి. ఆ పాఠం ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

ఒక జాగ్రత్త. కంపెనీ కోడు గానీ, క్లయింటు వివరాలు గానీ సొంత మెయిల్‌కి పంపుకోకూడదు. తెలియక చేసినా ఉద్యోగం మీదికి వస్తుంది.

గ్రూప్స్ రాయాలని ఆమెకే మనసుంటే అది వేరే మాట, అప్పుడు మళ్లీ రాయండి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఆ మొదటి పేజీ దేని గురించి రాస్తుందో అడగండి.