అబ్జర్వేషన్ హోమ్ నుంచి వచ్చిన అబ్బాయిని మళ్లీ బడికి పంపడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. పదో తరగతిలో ఉండగా స్నేహితులతో కలిసి బైకు దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని విచారణ సమయంలో ఉంచే చోటు) రెండు నెలలు ఉండి బెయిలుపై ఇంటికి వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. స్కూలువాళ్లు టీసీ తీసుకెళ్లమంటున్నారు. వాడేమో బడికి వెళ్లనంటున్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. దూరంగా ఎక్కడైనా హాస్టల్లో వేయమని బంధువుల సలహా. ఇక వాడికి ప్రభుత్వ ఉద్యోగం రాదని కూడా అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. పిల్లవాణ్ణి ఎవరి కంటా పడకుండా దూరంగా పంపేయాలనే తొందర ఆ భయంలోంచే పుడుతోంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు విచారణలో తప్పు చేశాడని తేలినా సరే, శిక్ష పడిన పెద్దవాళ్లకు ఉండే అనర్హతలు పిల్లలకు వర్తించవు. అప్పీలు గడువు దాటాక రికార్డులు నాశనం చేయించాలని కూడా అందులోనే ఉంది. పదహారు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. అది మీ అబ్బాయికి వర్తించదు. కేసు నడుస్తున్నా, ముగిసినా క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు ఆ వివరాలు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. చిన్నతనంలోని కేసు కారణంగా ఉద్యోగం నిరాకరించిన వ్యవహారంలో 2019లో సుప్రీంకోర్టు అభ్యర్థి పక్షానే నిలిచింది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. బోర్డు తుది ఉత్తర్వు ఇచ్చినప్పుడు దాని కాపీ తీసుకుని భద్రంగా దాచండి. రేపు ఏదైనా దరఖాస్తులో కేసుల గురించి ప్రశ్న ఉంటే సొంతంగా అవునని గానీ కాదని గానీ రాయకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లాయరును అడిగి రాయండి. పిల్లలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. వాళ్ల ఫోన్ నంబరు 15100.

నా దృష్టిలో మీ అబ్బాయికి అసలు ప్రమాదం కేసు వల్ల కాదు, బడి లేకుండా గడిచే రోజుల వల్ల. ఖాళీగా ఉన్న పిల్లవాడికి పాత స్నేహితుల ఫోన్ రావడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఈ వారమే కదలండి.

స్కూలువాళ్లు అడిగారు కదా అని టీసీకి దరఖాస్తు పెట్టకండి. బోర్డులో మీ అబ్బాయి కేసు చూస్తున్న ప్రొబేషన్ ఆఫీసర్‌ను (పిల్లవాడి పరిస్థితులు చూసి బోర్డుకు నివేదించే అధికారి) కలిసి, వాడి చదువు ఆగిపోతోందని కాగితం మీద రాసివ్వండి. వీలైతే ఆయన్ని వెంటబెట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లండి. బతిమాలడానికి వెళ్లినట్టు ఉండకూడదు. ఏ రోజు నుంచి వస్తాడు, తప్పిపోయిన పాఠాలు ఎవరు చెబుతారు, ఎవరైనా ఏడిపిస్తే వాడు ఏ టీచర్ దగ్గరికి వెళ్లాలి, ఈ మూడింటికీ జవాబు తీసుకోండి. హాజరు తగ్గిన సంగతీ అప్పుడే తేల్చుకోండి. బోర్డు వాయిదా, పరీక్ష ఒకే రోజు పడితే ముందుగానే చెప్పండి. అవసరం లేదనుకుంటే ఆ రోజు హాజరు నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం బోర్డుకు ఉంది. ఒకవేళ టీసీ తీసుకోక తప్పని పరిస్థితి వస్తే, ప్రవర్తన గడిలో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి. అక్కడ కేసు ప్రస్తావన ఉండకూడదు.

హాస్టల్ వద్దంటాను. బెయిలు మీద ఉన్నాడు, వాయిదాలకు రావాలి, ప్రొబేషన్ ఆఫీసర్‌కు అందుబాటులో ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఎవరికీ చెప్పుకోలేని విషయాన్ని మనసులో పెట్టుకుని కొత్తవాళ్ల మధ్య ఒంటరిగా బతకడం ఆ వయసుకు చాలా బరువు. అయితే వాడిని ఈ పనిలోకి దింపిన పెద్ద కుర్రాళ్లు బడి గేటు దగ్గరే కాపు కాస్తుంటే మాత్రం బడి మార్చడమే మంచిది. అప్పుడు కూడా విషయం తెలిసి, ప్రేమగా చూసే బంధువుల ఇల్లు హాస్టల్ కంటే నయం. వెళ్లేముందు బోర్డుకు చెప్పండి.

ఇక వాడు వెళ్లననడం. దాన్ని మొండితనం అనుకోకండి. 'మొదటి రోజు ఏం జరుగుతుందని నీకు భయం?' అని అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టండి. సాధారణంగా రెండే ఉంటాయి. ఒకటి, 'ఇన్నాళ్లు ఎక్కడికెళ్లావు?' అనే ప్రశ్న. 'ఇంట్లో సమస్య ఉంది, దాని గురించి మాట్లాడను' అనే ఒక్క మాట వాడితో ఇంట్లోనే నాలుగైదుసార్లు అనిపించండి. ముందే సిద్ధం చేసుకున్న జవాబు ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. రెండోది, లెక్కల్లోనో ఇంగ్లిష్‌లోనో వెనకబడి క్లాసులో తెల్లమొహం వేయాల్సి రావడం. అబ్జర్వేషన్ హోమ్‌లో చదువు చెప్పినా అది మీ బడి సిలబస్‌తో కలవదు. ఒక్క సబ్జెక్టుకైనా ట్యూషన్ పెట్టి, బడికి వెళ్లే ముందే రెండు పాఠాలు నేర్పించండి. మొదటి వారం ఒక్క పూట బడికే ఒప్పుకుంటే అది కూడా మంచి ప్రారంభమే.

ఇవన్నీ చేసినా ఈ ఏడాది రెగ్యులర్‌గా కుదరకపోతే, రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ ఉంది. తెలుగు రాష్ట్రాల రెండింటికీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి, జాతీయ స్థాయిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్ఐఓఎస్) ఉంది. ఎన్ఐఓఎస్‌లో పదికి 14 ఏళ్లు నిండాలి. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి సబ్జెక్టులను విడివిడిగా పూర్తి చేయొచ్చు. నేను దీన్ని రెండో దారిగానే చెబుతున్నాను. పొద్దున్నే లేచి ఒక చోటికి వెళ్లే అలవాటును ఓపెన్ స్కూల్ ఇవ్వలేదు, ఇప్పుడు వాడికి ఆ అలవాటే కావాలి. ఆ దారి పడితే పగటివేళ ట్యూషనో కంప్యూటర్ కోర్సో తప్పకుండా ఉండేలా చూడండి.

పది తర్వాత ఏమిటన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు గానీ, వాడికి బండ్లంటే నిజంగా ఇష్టమా అని అడగండి. ఉంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్ ఉంది, దానికి పది పాసవ్వాలి. పాలిటెక్నిక్ డిప్లొమాకూ పదే ఆధారం. పది ఎందుకు పూర్తి చేయాలో వాడికి వాడే చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. దగ్గర్లోని ఐటీఐ వర్క్‌షాప్ చూడటానికి వాడిని వాళ్ల నాన్నగారితో పంపండి. క్షమించడం, బుద్ధి చెప్పడం ఆ రోజు పెట్టుకోవద్దని ఆయనకు ముందే చెప్పండి. ఇంజిన్ గురించి మాట్లాడుకున్నా చాలు.