కొర్రమీను మొండి చేప కదా, దాని పిల్లలకు అక్వేరియంలో నీళ్ళు తరచూ మార్చాలా? మేత ఏం పెట్టాలి?

మార్చాలి. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పావు వంతు. మేత సంగతి తర్వాత చెబుతాను. ఎందుకంటే కొర్రమీను పిల్లలు తిండి లేక చచ్చిపోయిన ఇల్లు నేను చూడలేదు. తిన్నాక మిగిలిన దానితో చచ్చిపోయిన ఇళ్ళు మాత్రం చాలా చూశాను.

ఈ "మొండి చేప" మాట ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు, చేపల మార్కెట్లో. ఆదివారం పొద్దున రాంనగర్ మార్కెట్‌కి వెళ్ళి చూడండి. తొట్టిలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళుంటాయి, అందులో ఒకదాని మీద ఒకటి పడి ఉన్న కొర్రమీనులు తోకలు కొడుతుంటాయి. పక్క తొట్టిలో రవ్వ, బొచ్చె ఎప్పుడో కళ్ళు తేలేసి ఉంటాయి. అది చూసినవాడు ఈ చేపకు నీళ్ళు ఎలా ఉన్నా పర్లేదనుకుంటాడు. అసలు సంగతి ఏమిటంటే, కొర్రమీను తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే అవయవం వేరే ఉంటుంది. పైకొచ్చి నోటితో గాలి తీసుకుని మళ్ళీ కిందికి పోతుంది. అందుకని నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా బతుకుతుంది. కానీ అది విసర్జించే అమ్మోనియా అనే విషం పోయేది ఆ నీళ్ళలోకే. తొట్టిలో చేప సాయంత్రం దాకా బతికితే అమ్మేవాడికి చాలు. మీ ట్యాంకులో నెలల తరబడి బతకాలి.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ చెప్పరు. గప్పీలో, మోలీలో ఉన్న ట్యాంకులో నీళ్ళు చెడిపోతే అవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, చూడగానే మనకు తెలిసిపోతుంది. కొర్రమీను ఎలాగూ రోజూ పైకి వచ్చేదే. నీళ్ళు బాగున్నప్పుడూ వస్తుంది, విషమైనప్పుడూ వస్తుంది. మీరేమో "హాయిగా గాలి పీలుస్తోంది" అనుకుంటారు. దీని విషయంలో చూడాల్సినవి వేరే: ఒంటి మీద పాలు పోసినట్టు తెల్లటి జిగురు, మసకబారిన కన్ను, ఒంటికి అంటుకుపోయిన రెక్కలు, నిన్నటిదాకా ఎగబడి తిన్న పిల్ల ఇవాళ మేత వైపు తిరగకపోవడం. వీటిలో ఏది కనిపించినా ముందు నీళ్ళు మార్చండి, మందు గురించి తర్వాత ఆలోచించొచ్చు. షాపులో అడిగితే మొదట నీలం మందు సీసా చేతిలో పెడతారు. నీళ్ళు మార్చుకోమని చెబితే వాళ్ళకు అమ్ముకోవడానికి ఏముంటుంది?

ఇక మేత. దీనికి ముందు మా చిన్నమ్మ కథ చెప్పాలి.

చిన్నమ్మకు ఆయాసం. ఒక మృగశిర కార్తెకు చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళాను. (ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది డాక్టర్లను అడగండి, ఈ జవాబు దాని గురించి కాదు.) అక్కడ మత్స్యశాఖ వాళ్ళ దగ్గర వేలెడు కొర్రమీను పిల్లల్ని కొనుక్కుని, కవర్లో పట్టుకుని వరుసలో నిలబడాలి. ఎండ, ఉక్క, జనం. తీరా మా వంతు వచ్చేసరికి కవర్లో చేప ఒకసారి గట్టిగా కొట్టుకుంది. చిన్నమ్మ నోరు మూసుకుని తల అడ్డంగా ఊపేసింది. ప్రాణమున్న చేప వద్దనేవాళ్ళకు బెల్లంతో ఇస్తారు కదా, అదే తీసుకుంది. మా ముందు ఒక కుటుంబం, వాళ్ళ పిల్లలైతే ఏకంగా ఏడుపు లంకించుకున్నారు. వాళ్ళూ బెల్లానికే ఒప్పుకుని, బయటికొచ్చాక ఆ చేపల కవర్లు కూడా మా చేతిలో పెట్టి ఆటో ఎక్కేశారు. అలా ఓ గుప్పెడు పిల్లలతో ఇంటికొచ్చాం. ఇంట్లో గప్పీల ట్యాంకు ఒకటి ఖాళీగానే ఉంది, ఫిల్టర్ నడుస్తూనే ఉంది. అందులో వదిలాం.

మర్నాడు పొద్దున చిన్నమ్మ చాయ్ గ్లాసుతో ట్యాంకు ముందు నిలబడి నన్ను పిలిచింది. వెళ్ళి చూస్తే, అన్నిటికంటే కాస్త పెద్దగా ఉన్న పిల్ల నోట్లోంచి ఇంకో పిల్ల సగం ఒళ్ళు బయటికి వేలాడుతోంది. తల లోపల, తోక బయట. ఆ తోక ఇంకా ఆడుతోంది. పెద్దది మింగలేదు, కక్కలేదు. అద్దానికి తల ఆనించి గిరగిరా తిరుగుతోంది. చిన్నమ్మ చాలాసేపు చూసి అంది: "నాంపల్లిల నేను మింగనీకి భయపడితి. ఇది సూడు, సొంత తమ్మున్నే మింగుతుంది!" నేను పట్టకారు తెచ్చేలోగానే రెండూ పోయాయి.

కొర్రమీను పిల్లల మేత గురించి నాకు తెలిసినదానికి మూలం ఆ పొద్దుటి దృశ్యమే. వీటికి పక్కవాడు కూడా మేతే. నోట్లో పట్టదని వాటికి తోచదు. కొర్రమీను సాగు చేసే రైతులు పిల్లల్ని సైజుల వారీగా పదే పదే వేరు చేసేది ఇందుకే. మిగిలిన వాటిని నేనూ ఆ రోజే విడగొట్టాను, పెద్దవి ట్యాంకులో, చిన్నవి ప్లాస్టిక్ టబ్బులో. మీరూ అన్నీ ఒకే సైజువి తీసుకోండి. ఒకటి మిగతావాటి కంటే ఎక్కువ పెరుగుతోందని అనుమానం వస్తే, ఆ సాయంత్రమే తీసి వేరే చోట వేయండి. పైన కాస్త గుర్రపుడెక్క తేలనిస్తే చిన్నవి వేళ్ళ చాటున దాక్కుంటాయి. కడుపు నిండా పెడితే కొట్టుకోవంటారు కానీ అది సగమే నిజం. ఆకలి ఉంటే ఎక్కువ తింటాయి, లేకపోయినా తింటాయి.

రెండు మూడు అంగుళాల పిల్లలకు రోజుకు రెండు పూటలు చాలు. రెండు నిమిషాల్లో తిన్నంతే పెట్టి, మిగిలింది పైపుతో లాగేయండి. పొట్ట కొంచెం గుండ్రంగా కనిపించాలి, గోళీలా ఉబ్బకూడదు. అన్నిటికంటే మంచివి ఎర్రలు. పెరట్లో తవ్వితే దొరుకుతాయి. కడిగి, పిల్లల సైజును బట్టి తుంచి వేయండి. మందు కొట్టిన కుండీల్లోవి మాత్రం వద్దు. వానాకాలం మేడ మీద బకెట్లో దోమ పిల్లలు ఎలాగూ పుడతాయి, జల్లెడ పట్టి వేయండి, వీధికి కూడా మేలు చేసినవాళ్ళవుతారు. పచ్చి రొయ్య ఒలిచి సన్నగా తరిగితే ఎగబడతాయి. కోడి కార్జం, మటన్ ముక్కలు మాత్రం పెట్టకండి. ఆ కొవ్వు చేప ఒంటికి పట్టదు, కాలేయం పాడవుతుంది. పైగా నీళ్ళ మీద జిడ్డు కడుతుంది.

బతికున్న చేపలు వేసే అలవాటు ఉందే, దాని మీద నాకు పెద్ద కోపం. అది చేప ఆకలి కాదు, మనిషి సరదా. స్నేహితుల్ని పిలిచి, ఫోన్ పట్టుకుని, పది రూపాయల గోల్డ్‌ఫిష్‌ని ట్యాంకులో వదిలి వీడియో తీయడం! ఆస్కార్లు, అరొవానాలు లాంటి వేటాడే చేపలు పెంచేవాళ్ళలో ఈ జబ్బు మరీ ఎక్కువ. గోల్డ్‌ఫిష్ లాంటి కార్ప్ జాతి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. రోజూ అవే పెడితే చేప కడుపు నిండినట్టే కనిపిస్తూ లోపల నీరసిస్తుంది. షాపులో మేత చేపలుండే ట్యాంకు ఎప్పుడైనా చూశారా? కిక్కిరిసి, సగం తెల్లమచ్చలతో, ఒంటికి సూదుల్లా వేలాడే పురుగులతో ఉంటాయి. ఆ రోగాలన్నీ ఉచితంగా మీ ఇంటికి వస్తాయి. వీడియోకి లైకులు కూడా అంతేలెండి, ఉచితమే.

గుళికల మేత తినవని చాలామంది అంటారు. తింటాయి, ఓపిక ఉండాలి. మొదట రొయ్య ముక్కలకు అలవాటు చేయండి. తర్వాత ఆ రొయ్య రసంలో తేలే గుళికల్ని నానబెట్టి ముక్కలతో కలిపి వేయండి. రోజురోజుకీ ముక్కలు తగ్గించి గుళికలు పెంచండి. మాంసకృత్తులు నలభై శాతం దాటినవి తీసుకోండి, సంచి మీద రాసి ఉంటుంది. ఒక పిల్ల అందుకుంటే మిగతావి దాన్ని చూసి ఎగబడతాయి. ఈ ఒక్క విషయంలో వాటి అసూయ మనకు పనికొస్తుంది.

మళ్ళీ నీళ్ళ దగ్గరికి వస్తాను. మాంసం తినే చేప కదా, అది వదిలేదాంట్లో అమ్మోనియా ఎక్కువ. ఫిల్టర్ స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపులో ఈ మాట చెబితే ట్యాంకూ చేపలూ ఒకే రోజు అమ్ముడుపోవు కాబట్టి చెప్పరు. హైదరాబాద్‌లో బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఇంకో లెక్క తెలుసుకోవాలి. పాతిక డిగ్రీల వేడిలో పీహెచ్ (నీళ్ళలో ఆమ్లమెంత, క్షారమెంత అని చెప్పే అంకె) 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకే, అదే పీహెచ్ 8 అయితే 5 శాతం పైచిలుకు. అంటే ఒకే మురికి, విషం మాత్రం తొమ్మిది రెట్లకు పైనే. ఎండాకాలం నీళ్ళు ముప్ఫై దాటితే ఇంకా ఎక్కువ. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయని మురిసిపోకండి, అమ్మోనియాకు రంగు లేదు. టెస్ట్ కిట్ కొనుక్కోండి, మందు సీసాల డబ్బులతోనే వస్తుంది.

నల్లా నీళ్ళైతే, మంజీర అయినా కృష్ణ అయినా, క్లోరిన్ కలిసే వస్తాయి. ఒక రోజంతా బకెట్లో గాలి గొట్టం పెట్టి ఉంచండి, లేదా సోడియం థయోసల్ఫేట్ పలుకులు వేయండి. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో అదే, షాపులో యాంటీ క్లోరిన్ అని చిన్న సీసాలో నాలుగింతల ధరకు అమ్మేదీ చాలావరకు అదే.

ఆదివారం శుభ్రత మొదలుపెట్టే ఇంటి పెద్దలతో ఇంకో తంటా. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు ఉప్పేసి రుద్ది, స్పాంజిని నల్లా కింద పిండి, మెరిసే ట్యాంకులో చేపల్ని తిరిగి వేస్తారు. బుధవారం కల్లా చేపలు పోతాయి. అప్పుడు దిష్టి తగిలిందంటారు! స్పాంజిని ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండితే చాలు. కరెంటు గంటల తరబడి పోయినా కొర్రమీనుకు ఊపిరి ఆడుతుంది, ఆగిన ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకే ఆడదు. కరెంటు తిరిగి వచ్చాక అమ్మోనియా చూసుకోండి, ఆ రోజు మేత వేయకండి.

మూత తప్పనిసరి, పైన బరువు కూడా. ఈ చేప ఎగిరే ఎత్తు చూస్తే మీరు నమ్మరు. అయితే అంచు దాకా నీళ్ళు నింపి మూత పెట్టకండి, రెండు మూడు అంగుళాల గాలి జాగా వదలండి. పైకొచ్చి గాలి అందుకోలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది, చేప అయ్యుండి కూడా.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది చదివి ఉత్సాహపడకండి. డల్లాస్‌లో ఉన్న మా బావ ఒకసారి "రెండు పిల్లల్ని ఎలాగైనా తెప్పించుకోలేనా" అని అడిగాడు. 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో దీని చైనా చుట్టం దొరికితే, ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం ఈ చేపల కుటుంబం మొత్తాన్నీ హానికర జీవుల జాబితాలో చేర్చి దిగుమతి ఆపేసింది. తెలంగాణకు ఇది రాష్ట్ర చేప, వాళ్ళకు నేరస్తురాలు. వాళ్ళను తప్పుపట్టను. మనవాళ్ళు అక్వేరియంలో విసుగొచ్చిన సక్కర్ చేపల్ని కాలవల్లో వదిలి కృష్ణా గోదావరి జాలర్ల వలలు ఎలా చింపించారో చూస్తూనే ఉన్నాం కదా.

చివరగా జాగా. సాగులో ఎనిమిది పది నెలల్లో ఈ చేప అరకిలో దాటుతుంది. ఇప్పుడు వేలెడు ఉందని రెండడుగుల ట్యాంకులో ఆరింటిని పెట్టుకుంటే దసరా నాటికి మీకే తెలుస్తుంది. ఒకటి ఉంచుకోండి, మిగతావి పెంచగలిగిన వాళ్ళకు ఇచ్చేయండి. ట్యాంకు కొలతలు, నీళ్ళు బోరువా నల్లావా, పిల్లల సైజు కింద వ్యాఖ్యలో రాస్తే ఎంత మేత పెట్టాలో చెబుతాను. ఫోటో పెడితే పక్క నుంచి తీయండి, పై నుంచి తీస్తే పొట్ట తెలియదు.