పదకొండేళ్ల బాబు చెస్ కోసం ప్లాట్ అమ్మాలా?

ఖమ్మం నుంచి ఒక అమ్మ రాశారు. బాబుకి 11 ఏళ్లు, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ 1640, పాప టెన్త్. ఈవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్, వాళ్లాయనకి మొబైల్ షాపు, ఇద్దరిదీ కలిపి నెలకి 92 వేలు వస్తే ఇంటి ఖర్చులకి 58 వేలు పోతున్నాయి. వేసవిలో స్పెయిన్ తీసుకెళ్లి మూడు టోర్నమెంట్లు ఆడిస్తే నార్మ్ (పెద్ద టైటిల్‌కి లెక్కలోకి వచ్చే టోర్నీ ఫలితం) దారిలో పడతాడని కోచ్ అన్నాడంట, తల్లీకొడుకులిద్దరికీ 5.2 లక్షలు అవుద్దంట. ఊరి బయట ప్లాట్ అమ్మాలా, ఉన్న పది తులాల బంగారం పెట్టి లోన్ తీసుకోవాలా అని అడిగారు.

అమ్మా, రెండూ వద్దు. బాబు ఆట ఆపమని అనట్లేదు, ఆటకి డబ్బు పెట్టండి, కానీ ఈ ట్రిప్పుకి కాదు.

ముందు నార్మ్ సంగతి చూద్దాం, ఖర్చంతా దాని పేరు మీదే కదా. ఐఎం (ఇంటర్నేషనల్ మాస్టర్) నార్మ్ కావాలంటే మామూలుగా తొమ్మిది రౌండ్ల టోర్నీలో 2450 పెర్ఫార్మెన్స్ (ఆ టోర్నీలో ఎంత రేటింగ్ వాడిలా ఆడాడో ఆ లెక్క) చూపించాలి, తనతో ఆడినవాళ్ల యావరేజ్ రేటింగ్ కనీసం 2230 ఉండాలి, అందులో టైటిల్ ఉన్నవాళ్లు ఎంతమంది, వేరే దేశాలవాళ్లు ఎంతమంది అని మళ్లీ ఇంకో లెక్క. అలాంటివి మూడు తెచ్చుకుని రేటింగ్ 2400 దాటితేనే టైటిల్. జీఎం (గ్రాండ్‌మాస్టర్) అయితే 2600 పెర్ఫార్మెన్స్, 2500 రేటింగ్. 1640 పిల్లాడిని ఓపెన్‌లో (ఏ రేటింగ్ వాళ్లయినా ఆడే టోర్నీలో) దింపితే మొదటి రౌండ్లో పెద్ద ప్లేయర్ తగలొచ్చు, ఓడిపోతే స్విస్ పెయిరింగ్‌లో రెండో రౌండ్ నుంచి తన స్కోరు వాళ్లే వస్తారు. అక్కడ నార్మ్ మాట ఎక్కడిది. ఇంకోటి, 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నీ పైకి సర్దింది, కింద హద్దు 1400 చేసింది, ఆ లెక్కన ఇప్పటి 1640 అంటే పాత 1400. పదకొండేళ్లకి తక్కువేం కాదు, బాగా ఆడుతున్నట్టే, కానీ నార్మ్ గురించి మాట్లాడే టైం ఇది కాదు.

రేటింగ్ పెరగడానికైతే విదేశం అస్సలు అక్కర్లేదు. 18 ఏళ్ల లోపు, 2300 లోపు ఉన్నవాళ్లకి కే ఫ్యాక్టర్ (ఒక్క గేమ్‌తో రేటింగ్ ఎంత మారుతుందో తేల్చే అంకె) 40. అంటే మీవాడు 1880 వాడితో ఆడి గెలిస్తే 32 పాయింట్లు వస్తాయి, డ్రా చేస్తే 12, ఓడితే పోయేది 8. ఈ లెక్క స్పెయిన్‌లో ఎంతో చెన్నైలోనూ అంతే, భువనేశ్వర్‌లోనూ అంతే. మన దగ్గర ఓపెన్ టోర్నీల్లో రేటింగ్ తక్కువున్నా గట్టిగా ఆడే పిల్లలు బోలెడుమంది, పిల్లాడికి కావాల్సిన పోటీ రైలు దూరంలోనే ఉంది.

మీ ఉత్తరంలో నాకు భయం వేసిన విషయం వేరే. షాపు మీద బతికే ఇల్లు, టర్మ్ ఇన్సూరెన్స్ లేదు, హెల్త్ పాలసీ లేదు, బ్యాంకులో ఎమర్జెన్సీకి ఉన్నది 80 వేలు. ఆయనకి ఒక్క నెల ఒంట్లో బాగోకపోతే మొదట ఆగేది బాబు కోచింగే. కాబట్టి మిగిలే 34 వేలని ఇలా విడగొడదాం, పాప పేరు మీద నడుస్తున్న 10 వేల సిప్ ముట్టుకోవద్దు (ఈ ఏడాదే ఇంటర్ ఫీజులు మొదలు, గుర్తుందిగా), టర్మ్‌కి, ఫ్యామిలీ హెల్త్ పాలసీకి కలిపి నెలకి 4 వేలు పక్కన పెట్టండి, ఎమర్జెన్సీకి ఇంకో 4 వేలు, మిగతా 16 వేలు చెస్‌కి. ఏడాదికి 1.92 లక్షలు, చిన్న మొత్తం కాదు అది. కోచ్‌కి నెలకి 7 వేలు అంటున్నారు, అవి పోగా 1.08 లక్షలు టోర్నీలకి ఉంటాయి, థర్డ్ ఏసీ, లాడ్జి, ఎంట్రీ ఫీజు అన్నీ కలిపి ఒక్కో పెద్ద టోర్నీకి 18 వేలు వేసుకున్నా ఏడాదికి ఐదు ఆడించొచ్చు, మిగిలింది చుట్టుపక్కల ఆదివారం జరిగే ర్యాపిడ్ (తక్కువ టైం) టోర్నీలకి. ఆయన తోడు వెళ్తే షాపు మూసిన రోజుల నష్టం కూడా చెస్ ఖర్చే, అది చాలామంది రాయరు, మీరు రాయండి. ఈ డబ్బు వేరే అకౌంట్లో పెట్టండి, అయిపోతే ఆ ఏడాదికి అయిపోయినట్టే. పెద్ద టోర్నీలు యూట్యూబ్‌లో లైవ్ ఫ్రీ, ఆన్‌లైన్‌లో ఆడుకునే లీచెస్ ఫ్రీ, ఎత్తులు విశ్లేషించే స్టాక్‌ఫిష్ ఫ్రీ, కొత్త లాప్‌టాప్ గొడవ ఇప్పట్లో పెట్టుకోకండి.

గుకేశ్ వాళ్ల నాన్న ప్రాక్టీసే వదిలేశారు కదా అని రాశారు. నిజమే, ఆయన ఈఎన్‌టీ సర్జన్, కొడుకుతో తిరగడానికి ప్రాక్టీస్ ఆపారు. కానీ ఇంట్లో తల్లి మైక్రోబయాలజిస్ట్, ఆవిడ జీతంతో ఇల్లు నడిచింది, స్నేహితులు కూడా సాయం చేశారు. అదీకాక గుకేశ్ 2024లో సింగపూర్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ గెలిచాడు కాబట్టి ఆ ఇంటి కథ మనదాకా వచ్చింది, ప్లాట్లు అమ్మి 2100 దగ్గర ఆగిపోయినవాళ్ల కథలు ఎవరు రాస్తారు చెప్పండి. కోనేరు హంపికి మొదటి నుంచీ కోచ్ వాళ్ల నాన్న అశోక్ గారే, ఆ సౌకర్యం మనకి లేదు, మనం కొనుక్కోవాలి, అందుకే లెక్క ఇంకా గట్టిగా ఉండాలి.

విదేశం ఎప్పుడూ వద్దని కాదు. స్టేట్ సెలక్షన్‌లో పైకొచ్చి నేషనల్స్‌లో నిలబడి ఇండియా తరఫున వరల్డ్ యూత్ చాంపియన్‌షిప్‌కి అఫీషియల్‌గా సెలెక్ట్ అయితే బస, భోజనం నిర్వాహకులే చూసుకుంటారు, స్పెషల్ ఎంట్రీ అంటూ డబ్బు కట్టి వెళ్లేవాళ్లకి అది ఉండదు. 2200 దగ్గరకి వచ్చాక సెర్బియా, హంగరీ రౌండ్ రాబిన్‌ల (అందరూ అందరితో ఆడే టోర్నీల) గురించి కూర్చుని మాట్లాడదాం, అప్పుడు స్పాన్సర్‌ని అడగడానికి కూడా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ప్రైజ్ మనీ గురించి ఒక్క మాట. మామూలుగా మైనర్ ఆదాయం తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవాళ్ల ఆదాయంలో కలిపేస్తారు, కానీ పిల్లాడు సొంత టాలెంట్‌తో గెలుచుకున్నది అలా కలవదు, అది వాడి సొంతం. అదే డబ్బు ఎఫ్‌డీలో వేస్తే వచ్చే వడ్డీ మాత్రం మళ్లీ కలుస్తుంది. అందుకని బాబు పేరు మీద పాన్, మైనర్ అకౌంట్ ఇప్పుడే తీసుకోండి, నిర్వాహకులు టీడీఎస్ కట్ చేస్తే ఆ పాన్ మీదే పడాలి, మీ పాన్ ఇస్తే తర్వాత లేనిపోని తలనొప్పి.

స్కూల్ మాన్పించి ఫుల్ టైం అనే మాట కూడా కోచ్ ఎత్తాడన్నారు, దానికి నా జవాబు సూటిగా వద్దనే.

ఆ 5.2 లక్షలకి కోచ్‌ని కాగితం మీద బ్రేకప్ అడగండి. ఎంట్రీ ఫీజు ఎంత, హోటల్ ఎంత, ఎంతమంది పిల్లలు వస్తున్నారు, ఆయన టికెట్టు కూడా మీ పిల్లల మధ్యే పంచారా అని.