పాఠకుల ప్రశ్నలు: మార్మన్ చరిత్రలో స్వలింగ ప్రేమల జాడ

ప్రశ్న: మా పక్కింటివారు రాజమహేంద్రవరంలోని మార్మన్ అనే అమెరికా క్రైస్తవ సంఘానికి వెళ్తారు. పూర్వపు మార్మన్లలో స్వలింగ ప్రేమలు ఉండేవని ఆ మతంలోనే పెరిగిన అమెరికా చరిత్రకారుడొకరు పుస్తకం రాశారని నేను అంటే, జవాబు చెప్పుకోలేని మృతుల మీద నింద వేయడమే అది అన్నారు. నూరేళ్ళ కిందటి మనిషి మనసులో ఏముందో చరిత్రకారుడికి ఎలా తెలుస్తుంది?
ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు విన్నది డి. మైఖేల్ క్విన్ గురించి అయి ఉండాలి. ఆయన 1944లో కాలిఫోర్నియాలో పుట్టి, యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, మార్మన్ సంఘమే నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించి, 1988లో ఆ ఉద్యోగాన్ని వదులుకున్నారు. తానూ స్వలింగ ప్రేమికుడినేనని తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నారు. 1996లో వెలువడిన ఆ గ్రంథంలో ఆయన చేసింది మనసులు చదవడం కాదు, దొరికిన డైరీలను, ఉత్తరాలను, సంఘ పత్రికలను పక్కపక్కన పెట్టి చదవడం. మార్మన్లకు కాగితాలకు కొదవ లేదు. సంఘం ఏర్పడిన 1830 ఏప్రిల్ 6నే, జరిగినదంతా రాసి ఉంచాలన్న ఆదేశం దైవవాక్యంగా వారికి అందింది. అలా రాసి దాచిన అలవాటే ఒక శతాబ్దానికి పైగా గడిచాక క్విన్ వంటివారికి పని కల్పించింది.

ఒక ఉదాహరణ చెబుతాను. పిల్లల కోసం ఆ సంఘం నడిపే ప్రైమరీ అనే విభాగానికి 1880 నుంచి 1925 దాకా లూయీ ఫెల్ట్ అధ్యక్షురాలు. ఆమె తర్వాత ఆ పదవి మే ఆండర్సన్‌కు వచ్చింది. ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో కలిసి బతికారు. 1919లో ఆ విభాగపు పత్రికే వారి అనురాగాన్ని మెచ్చుకుంటూ, వారిని ప్రైమరీ దావీదు యోనాతానులని పేర్కొంది. నరసాపురం మిషను కాలం నుంచి తరతరాలుగా బైబిలు చదువుతున్న మన డెల్టా కుటుంబాలకు, యోనాతాను చనిపోయినప్పుడు, నీ ప్రేమ స్త్రీల ప్రేమను మించినదని దావీదు విలపించిన సంగతి నేను గుర్తు చేయనక్కరలేదు. వారి మధ్య శరీర సంబంధం ఉండేదని ఆ వ్యాసం చెప్పదు, చెప్పినట్టు మనం చదవకూడదు. అయితే ఇద్దరు స్త్రీల అనుబంధాన్ని సంఘం దాచకుండా, గర్వంగా అచ్చువేసుకున్న కాలం ఒకటి ఉండేదన్నది మాత్రం కాదనలేని సంగతి. తొలి తరాల మార్మన్ పెద్దలు ఇరవయ్యో శతాబ్దపు పెద్దలకన్నా ఈ విషయంలో ఎక్కువ ఓర్పు చూపారన్న క్విన్ వాదానికి ఆధారాలు ఇటువంటివే.

అన్ని ఆధారాలూ ఇంత గట్టివి కావు. 1890 నుంచి 1916 దాకా మార్మన్ సంఘపు ప్రఖ్యాత టాబర్నకల్ గాయక బృందాన్ని నడిపిన ఇవాన్ స్టీఫెన్స్ పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఇంట్లో యువకులు వరుసగా ఒకరి తర్వాత ఒకరు ఉంటూ వచ్చారు. దీన్ని క్విన్ ప్రేమ సంబంధాలుగా చదివితే, గురువు శిష్యులకు ఆశ్రయమివ్వడంలో వింత ఏముందని మార్మన్ పండితులు దీర్ఘమైన ఖండనలు రాశారు. నా మట్టుకు, స్టీఫెన్స్ విషయంలో క్విన్ సాక్ష్యాన్ని దాటి ఒక అడుగు ముందుకు వేశారనే అనిపిస్తుంది. మార్మన్ల రెండో ప్రవక్త బ్రిగమ్ యంగ్ కుమారుడొకరు ఇటలీ గాయని వేషం కట్టి సభల్లో పాడేవాడన్నదీ ఈ సందర్భంలో తరచు ఎత్తి చూపుతుంటారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను నెత్తిన పెట్టుకున్న తెలుగువారికి, ఆడవేషం దేనికీ రుజువు కాదని ఒకరు చెప్పాలా?

ఇక నింద అన్న మాట. దాన్ని నింద అనాలంటే ముందు ఆ ప్రేమ తప్పని ఒప్పుకోవాలి. క్విన్ అలా ఒప్పుకోలేదు.

ప్రశ్న: క్విన్‌ను సంఘం వెలివేసింది ఈ పుస్తకం రాసినందుకేనా?
ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: కాదు, వెలి ముందు, పుస్తకం తర్వాత. 1890లో సంఘం బహుభార్యత్వాన్ని మానుకున్నామని ప్రకటించిన తర్వాత కూడా పెద్దల అనుమతితో అటువంటి వివాహాలు రహస్యంగా జరిగాయని ఆయన 1985లోనే నిరూపించారు. అటువంటి రచనల కారణంగా, 1993 సెప్టెంబరులో సంఘం చర్య తీసుకున్న ఆరుగురిలో ఆయన ఒకరయ్యారు. అయినా 2021లో మరణించేదాకా తాను విశ్వాసినేనని చెప్పుకున్నారు. స్వలింగ ప్రేమికులైన మార్మన్లు 1977లోనే అఫర్మేషన్ అనే సంస్థగా కూడారు. దానికి ముందటి ఏడు, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలోనే, విద్యుత్ షాకులతో ఈ కోరికను మాన్పించే ప్రయోగాల మీద ఒక డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సమర్పించబడింది. స్వలింగ దంపతుల పిల్లలకు బాప్తిస్మం నిరాకరిస్తూ సంఘం 2015లో పెట్టిన నియమాన్ని 2019లో తీసివేశారు. వివాహం స్త్రీ పురుషుల మధ్యనే అన్న బోధ మాత్రం మారలేదు.

ప్రశ్న: మా పెదనాన్నగారు పెళ్ళి చేసుకోకుండా, గోదావరి లంకలోని తోట ఇంట్లో ఒక స్నేహితుడితో జీవితమంతా గడిపారు. ఇంట్లో అందరూ ఆయన్ని బ్రహ్మచారి అని చెప్పి ఊరుకుంటారు. ఇద్దరూ పోయారు. ఆ స్నేహితుడు రాసిన ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. రాయవచ్చునా?
పేరు వద్దన్న పాఠకురాలు, అమలాపురం ప్రాంతం

జవాబు: రాయవచ్చునమ్మా. వారు బతికిన రోజుల్లో ఇటువంటి సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షను 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండేది. వయసు వచ్చినవారి పరస్పర సమ్మతి ఉన్నచోట అది చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. కాబట్టి వారు ఎందుకు మాట్లాడలేదో మీరు మీ వ్యాసంలో ఒక వాక్యంలో చెప్పాలి. వారి సంబంధానికి మీరు పేరు పెట్టకండి. ఎన్నేళ్ళు కలిసి ఉన్నారో, తోట ఎవరి పేర ఉండేదో, జబ్బు చేస్తే ఎవరు చూశారో, కర్మ ఎవరు చేశారో రాయండి. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు జరిపించిన వితంతు వివాహాల గురించి మనకు తెలిసినదంతా దాదాపు ఆయన రాసిపెట్టినదే. ఆ పెళ్ళికూతుళ్ళు ఏమనుకున్నారో మనకు దొరకదు. బ్రహ్మచారి అన్న ఒక్క మాటతో వదిలేస్తే మీ పెదనాన్నగారి విషయంలోనూ అంతే అవుతుంది.

ముందుగా ఉత్తరాలను ఫోనుతో వరుసగా ఫొటోలు తీసి, రెండు వేరువేరు ఊళ్ళలో ఉంచండి. 1986 వరదలో లంకల్లో ఎన్ని ట్రంకుపెట్టెలు కొట్టుకుపోయాయో మీ ఇంటి పెద్దలకు తెలుసు, మిగిలినవి చెదలపాలు. కాగితం మీ సొత్తే అయినా, ఉత్తరాన్ని అచ్చువేసే హక్కు రాసినవారి వారసులది. అందుచేత ఆ స్నేహితుడి ఇంటివారి దగ్గరకు ఒకసారి వెళ్ళి అడగవలసి ఉంటుంది. ఎలాగూ వెళ్ళాలి కూడా, మీ పెదనాన్నగారు రాసిన జవాబులు ఉంటే గింటే అక్కడే ఉండాలి.