ఎస్‌ఎంపీఎస్‌లో రిపుల్: పెద్ద కెపాసిటర్ పెడితే తగ్గుతుందా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నేళ్ల నాటిది. గ్రాఫిక్స్ బరువు ఎక్కువగా పడే పని మొదలుపెట్టగానే ఒక్కోసారి దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. మల్టీమీటరుతో చూస్తే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరు భాగాలకు డీసీ విద్యుత్తు సరఫరా చేసే పెట్టె) నుంచి వచ్చే 12 వోల్టుల పసుపు తీగలో 12.1 వోల్టులు నిలకడగానే ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్‌లో రిపుల్ పెరిగి ఉంటుందని, పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేస్తే సరిపోతుందని మిత్రుడు చెబుతున్నాడు. చేయమంటారా?

జవాబు: చేయవద్దు. మీ మిత్రుడి అనుమానం సరైనదే కావచ్చు గానీ, ఆయన చెప్పిన మందు ఆ జబ్బుకు పనికిరాదు.

ముందుగా మీ మల్టీమీటరు సంగతి చూద్దాం. డీసీ రేంజిలో అది సగటు విలువను మాత్రమే చూపిస్తుంది. ఆ సగటు మీద సెకనుకు లక్షసార్లు ఎగిరిపడే చిన్న అలలే రిపుల్ కనుక, 12.1 వోల్టులని చూపిస్తున్న తీగలోనే 300 మిల్లీవోల్టుల రిపుల్ దాగి ఉండవచ్చు. డెస్క్‌టాప్ సరఫరాలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల తీగలో రిపుల్ శిఖరం నుంచి లోయ వరకు 120 మిల్లీవోల్టులకు మించకూడదు, 5, 3.3 వోల్టుల తీగల్లో ఆ హద్దు 50 మిల్లీవోల్టులే. దీన్ని కొలవాలంటే వోల్టేజి హెచ్చుతగ్గులను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ తప్పనిసరి. దాన్ని ఏసీ కప్లింగ్‌లో (డీసీని వదిలేసి అలలను మాత్రమే చూపే అమరికలో) పెట్టి, బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేసి, కొలిచే చోట 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌నూ 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్‌నూ సమాంతరంగా కలపాలి. ప్రోబ్‌తో వచ్చే పొడవాటి గ్రౌండ్ క్లిప్‌ను తీసేసి, కొన దగ్గర తొడిగే చిన్న స్ప్రింగ్‌ను వాడాలి. లేకపోతే ఆ క్లిప్ తీగే ఏరియల్‌లా పనిచేసి, చుట్టుపక్కల రొదనంతా రిపుల్‌గా చూపిస్తుంది. రిపుల్ ఎక్కువగా ఉందంటూ మాకు వచ్చే ఫొటోలలో చాలావాటిలో కనిపించేది ఈ క్లిప్ చేసిన నిర్వాకమే. కొలత కూడా కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు కాక, పూర్తి లోడు మీద ఉన్నప్పుడు తీసుకోవాలి.

ఇక కెపాసిటర్ విషయానికి వద్దాం. ప్రతి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లోనూ దానితో శ్రేణిలో ఉన్నట్టుగా ప్రవర్తించే ఒక చిన్న నిరోధం ఉంటుంది. మెకానిక్కులు దీన్నే ఈఎస్ఆర్ అంటారు. రిపుల్‌ను నిర్ణయించడంలో కెపాసిటర్ మీద అచ్చువేసిన మైక్రోఫారడ్ల కంటే దీని పాత్రే ఎక్కువ. లెక్క వేసి చూడండి: లోపలి కాయిల్ నుంచి వచ్చే కరెంటులో 4 ఆంపియర్ల హెచ్చుతగ్గులు ఉన్నాయనీ, పౌనఃపున్యం 100 కిలోహెర్ట్జ్ అనీ, అవుట్‌పుట్ కెపాసిటర్ 2,200 మైక్రోఫారడ్లనీ, ఈఎస్ఆర్ 20 మిల్లీఓములనీ అనుకుందాం. మైక్రోఫారడ్ల కారణంగా పుట్టే రిపుల్ సుమారు 2.3 మిల్లీవోల్టులే, కానీ ఈఎస్ఆర్ కారణంగా పుట్టేది 80 మిల్లీవోల్టులు. అందువల్ల ఈఎస్ఆర్‌ను అలాగే ఉంచి కెపాసిటీని అయిదింతలు చేసినా ఆ 80 మిల్లీవోల్టులు తగ్గవు. అంతేగాక, మీ మిత్రుడు చెప్పిన కెపాసిటర్‌కూ రిపుల్ పుట్టే చోటుకూ మధ్య చాలా పొడవైన తీగ ఉంటుంది, ఆ తీగ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటును అడ్డుకునే గుణం) కలిగించే అవరోధం కూడా తోడవుతుంది. పైగా, అంత పెద్ద కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే, అది లాక్కునే కరెంటును చూసి ఎస్‌ఎంపీఎస్ షార్ట్ సర్క్యూట్ అనుకుని అసలు ఆన్ కాకుండా పోవచ్చు.

కొన్నేళ్లు వాడిన ఎస్‌ఎంపీఎస్‌లో రిపుల్ పెరగడానికి సాధారణంగా కారణం ఒక్కటే: వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లోపలి ద్రవం క్రమంగా ఎండిపోవడం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. పై మూత ఉబ్బితే సులభంగా గుర్తుపట్టవచ్చు, అయితే ఉబ్బకుండానే ఎండిపోయేవి కూడా ఉంటాయి కాబట్టి ఈఎస్ఆర్ మీటరుతో పరీక్షించడం మంచిది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, కాసేపు నడిచి వేడెక్కాక కుదుటపడే సరఫరాను మొదట ఈ కోణంలోనే అనుమానించండి, ఎందుకంటే చలికి ఈఎస్ఆర్ ఇంకా పెరుగుతుంది.

మార్చేటప్పుడు 105 డిగ్రీలకు తగిన, తక్కువ ఈఎస్ఆర్ రకాన్నే ఎంచుకోవాలి. వోల్టేజి రేటింగ్ పాతదానితో సమానంగా గానీ అంతకంటే ఎక్కువగా గానీ ఉండాలి, ధన రుణ దిశలు తారుమారు కాకూడదు. మరీ తక్కువ ఈఎస్ఆర్ ఉన్న పాలిమర్ కెపాసిటర్లను ఎలక్ట్రోలైటిక్ స్థానంలో ఊరికే పెట్టేయకండి. వోల్టేజిని సరిచేసే ఫీడ్‌బ్యాక్ వలయం పాత ఈఎస్ఆర్‌ను లెక్కలోకి తీసుకుని రూపొందించినదైతే, సరఫరా స్థిరత్వం కోల్పోయి కొత్త అలలను పుట్టించవచ్చు.

పెట్టె తెరిచే ముందు ఒక హెచ్చరిక. 230 వోల్టుల మెయిన్స్ నుంచి లోపలి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ దిద్దుబాటు ఉన్న వాటిలో 380 నుంచి 400 వోల్టులు నిల్వ ఉంటాయి. ప్లగ్ పీకిన తరువాత కూడా అవి కొంతసేపు ప్రాణాంతకమే. తగిన నిరోధకంతో డిశ్చార్జ్ చేసి, మీటరుతో నిర్ధారించుకోకుండా చెయ్యి పెట్టకూడదు. ఈ పనిలో అనుభవం లేకపోతే కొత్త సరఫరా కొనుక్కోవడమే తెలివైన నిర్ణయం అని నా అభిప్రాయం.

మీ కంప్యూటరు రీస్టార్ట్ కావడానికి రిపుల్ ఒక్కటే కారణం కాకపోవచ్చునని కూడా గమనించండి. గ్రాఫిక్స్ కార్డు క్షణంలో లాక్కునే కరెంటుకు వోల్టేజి ఒక్కసారిగా కుంగినా, ఓవర్ లోడ్ రక్షణ పనిచేసినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి మరొక మంచి సరఫరాను అరువు తెచ్చి, అదే పని చేయించి చూడడం అన్నిటికంటే చౌకైన పరీక్ష.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్‌కు ముందు స్టెబిలైజర్ గానీ యూపీఎస్ గానీ పెడితే రిపుల్ తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. అవి చక్కదిద్దేది లోపలికి వచ్చే మెయిన్స్‌ను. స్విచ్చింగ్ వల్ల పుట్టే రిపుల్ అయితే ఎస్‌ఎంపీఎస్ లోపలే పుడుతుంది. మెయిన్స్ నుంచి వచ్చే 100 హెర్ట్జ్ అల ఒకటి కూడా ఉంటుంది గానీ, దాన్ని లోపలి పెద్ద కెపాసిటర్, ఫీడ్‌బ్యాక్ వలయం కలిసి అణిచివేస్తాయి. అవుట్‌పుట్‌లో ఆ 100 హెర్ట్జ్ అల స్పష్టంగా కనిపించిందంటే బలహీనపడింది బహుశా ఆ పెద్ద కెపాసిటరే, మార్చవలసిందీ దానినే.